‘వెళ్తాను’ దగ్గర మొదలుపెట్టండి: బెంగళూరులో తెలుగువాళ్లకు ఇంగ్లిష్ చెప్పేవాళ్ల కోసం

“డైలీ ఐ విల్ గో టు ఆఫీస్ బై బస్.”

మారతహళ్లిలో గానీ బీటీఎమ్ లేఔట్‌లో గానీ తెలుగువాళ్లు కూర్చున్న ఏ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులోనైనా పావుగంట గడవకముందే ఈ వాక్యం వినిపిస్తుంది. ‘విల్ తీసెయ్, సింపుల్ ప్రెజెంట్ రావాలి’ అంటారు టీచరు. కుర్రాడు తలూపి, ఆ వెంటనే “ఈవెనింగ్ ఐ విల్ కమ్ ఎట్ సెవెన్” అంటాడు.

పన్నెండు టెన్సుల పట్టిక అతనికి కంఠతా వచ్చు. అయినా మాట్లాడేటప్పుడు మనసులో నడిచేది ‘రోజూ బస్సులో ఆఫీసుకి వెళ్తాను’ అనే తెలుగు వాక్యమే. మన ‘వెళ్తాను’ రోజూ చేసే పనికీ సరిపోతుంది, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ రెండూ వేరు: ఐ గో, ఐ విల్ గో. తన భాషలో ఒకటిగా ఉన్నది అక్కడ రెండుగా చీలిందని చూపించకుండా ‘విల్’ ఒక్కటీ కొట్టేయిస్తే అది మళ్లీ మళ్లీ మొలుస్తూనే ఉంటుంది.

బెంగళూరులో చాలాచోట్ల గోడకి ‘స్పీక్ ఓన్లీ ఇన్ ఇంగ్లిష్’ అని కాగితం అంటిస్తారు. తెలుగు తెలిసిన టీచరు కూడా తెలియనట్టే ఉంటారు. ఇది పెద్ద నష్టం. తప్పు వినగానే దాని కింద ఏ తెలుగు వాక్యం ఉందో పట్టుకోగలగడం తెలుగు టీచరుకున్న బలం. గోడ మీది కాగితం కోసం దాన్ని వదులుకోకూడదు. అలాగని పాఠమంతా తెలుగులో చెప్పమనడం లేదు. గంటన్నర క్లాసులో తెలుగు పది నిమిషాలు దాటకూడదు. ఆ పది నిమిషాలూ బోర్డు మీద తెలుగు వాక్యాన్ని విప్పి చూపించడానికే వాడాలి.

‘వెళ్తాను’ పాఠానికి ఇరవై నిమిషాలు చాలు. బోర్డుని రెండుగా గీసి ఒకవైపు ‘రోజూ’, ఇంకోవైపు ‘రేపు’ అని రాయండి. పది తెలుగు వాక్యాలు చదవండి. రోజూ జరిగేదైతే ఎడమ చెయ్యి, జరగబోయేదైతే కుడి చెయ్యి ఎత్తాలి. ‘మా అమ్మ టీ తాగదు’, ‘వచ్చే నెల పీజీ మారతాను’, ‘మా మేనేజరు తొమ్మిదింటికే వస్తాడు’ లాంటివి. మధ్యలో కావాలని ఒకటి కలపండి: ‘వాడు ఫోన్ ఎత్తడు’. కొందరు ఎడమ చెయ్యి, కొందరు కుడి చెయ్యి ఎత్తుతారు, వాదించుకుంటారు. వాళ్లలో వాళ్లు వాదించుకోనివ్వండి. ఆ రెండు అర్థాలకూ తెలుగులో ఒకే మాట ఉందని వాళ్లే కనిపెట్టే క్షణం అది. అప్పుడు బోర్డు మీద రెండూ రాయండి: ‘హీ డజంట్ ఆన్సర్ కాల్స్’, ‘హీ వోంట్ ఆన్సర్’. ఆ తర్వాత ప్రతివాళ్లూ తమ గురించి మూడు ‘రోజూ’ వాక్యాలు, రెండు ‘రేపు’ వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసుకుని, కలగాపులగంగా పక్కవాళ్లకి చెప్పాలి. పక్కవాళ్లు ‘రోజూ’ అనో ‘రేపు’ అనో తేల్చాలి. టెన్స్ పేర్లు ఎక్కడా ఎత్తక్కర్లేదు.

ఇదే పాఠంలో ‘గోస్’ చివరి ఎస్ కూడా సర్దవచ్చు. ‘వెళ్తాడు’, ‘వెళ్తుంది’ అని ‘డు’తోనో ‘ది’తోనో ముగిస్తే ఇంగ్లిష్‌లో ఎస్ వస్తుందని చెప్పండి, గట్టిగా పట్టుకుంటారు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ‘మా నాన్న వెళ్తారు’ అని మర్యాదకి ‘రు’ పెడతాం కదా, అక్కడ ఎస్ జారిపోతుంది. నాన్న, మేడమ్, ఓనరు, మేనేజరుగారు వచ్చే వాక్యాలు ఓ అయిదు విడిగా చేయించాలి.

క్లాసులో కన్నడ పిల్లలు ఒకరిద్దరు కలిసినా కంగారు లేదు. వాళ్ల ‘హోగ్తీని’ కూడా రోజుకీ రేపటికీ ఒకటే. ఇదే పాఠం వాళ్లకీ పనిచేస్తుంది.

రెండో పెద్ద ముడి ‘నుంచి’. ‘రెండేళ్ల నుంచి ఇక్కడ పని చేస్తున్నాను’ అనే వాక్యం ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అయి బయటికొస్తుంది. ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే వచ్చే వాక్యం కాబట్టి దీనికి సమయం పెట్టాలి. ఫ్రమ్, సిన్స్, ఫర్ మూడింటి పనీ మన ‘నుంచి’ ఒక్కటే చేస్తుంది. ఓ మేకు, ఓ తాడు తీసుకెళ్లండి. క్యాలెండర్ మీద మేకు కొట్టగలిగితే సిన్స్: 2022, సోమవారం, దసరా, నేను బెంగళూరు వచ్చిన రోజు. తాడులా పొడవు కొలవగలిగితే ఫర్: రెండేళ్లు, మూడు నెలలు, చాలాకాలం. మీరు ‘పండగ నుంచి’ అంటే మేకు, ‘వారం నుంచి’ అంటే తాడు చూపించాలి. ఇరవై మాటలకి నాలుగు నిమిషాలు పడుతుంది. ‘పొద్దున్నుంచి’ దగ్గర తడబడతారు. అది మేకే.

ఆ వాక్యంలోనే ‘చేస్తున్నాను’ తెచ్చిపెట్టే ‘ఐ యామ్ వర్కింగ్’ అనే రెండో తప్పు దాక్కుని ఉంది. రెంటినీ ఒకే రోజు సరిదిద్దబోతే రెండూ చెడతాయి. మొదటి వారం సిన్స్, ఫర్. రెండో వారం ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్’ని ఒకే మాటలాగా, ముక్కలు చేయకుండా నోటికి అలవాటు చేయాలి. చివరి నుంచి కడుతూ వస్తే తేలిక: ‘ఫర్ టూ ఇయర్స్’, ‘హియర్ ఫర్ టూ ఇయర్స్’, ‘వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’, అలా వెనక నుంచి ముందుకి. మొదటి నుంచి కట్టుకుంటూ పోతే వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరీ రాగమూ రెండూ జారిపోతాయి. చివరి నుంచి కడితే ప్రతిసారీ తెలిసిన చోటికే చేరతారు.

‘వెయ్యి’ గురించి కొంచెం. ఫ్యాన్ వెయ్యి, లైటు వెయ్యి, తాళం వెయ్యి, తలుపు వెయ్యి, మాత్ర వేసుకో, చొక్కా వేసుకో. ఇన్నిటికీ ఇంగ్లిష్‌లో ‘పుట్’ తగిలిస్తారు. టర్న్ ఆన్, లాక్, క్లోజ్, టేక్, పుట్ ఆన్ అని నేర్పడానికి బోర్డు అక్కర్లేదు. పీజీ గదిలో నిజంగా ఆ పని చేస్తూ చెప్పడమే. ఒకరు తెలుగులో ‘తాళం వెయ్యి’ అంటే ఇంకొకరు తాళం వేస్తూ ‘ఐ యామ్ లాకింగ్ ద డోర్’ అనాలి.

మర్యాద సంగతి వేరు. మనవాళ్ల ఇంగ్లిష్ దురుసుగా వినబడటానికి కారణం వాళ్ల స్వభావం కాదు. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది: ఇవ్వు, ఇవ్వండి, ఇస్తారా. ‘గివ్’లో ఆ ‘అండి’ రాలిపోతుంది. ప్రతి వాక్యానికీ ‘ప్లీజ్’ అంటించమంటే అది కూడా ఆజ్ఞలాగే ఉంటుంది. మన ‘ఇస్తారా, జరుగుతారా, ఒకసారి చూస్తారా’ అన్న ప్రశ్నల్నే పట్టుకోండి. తెలుగులో అభ్యర్థన ఎక్కడ ప్రశ్నగా వస్తుందో అక్కడ ‘కుడ్ యు’. ‘కొంచెం జరుగుతారా’ అంటే ‘కుడ్ యు మూవ్ ఎ లిటిల్?’ ఇలా చెబితే ఒక్క క్లాసులో పట్టుకుంటారు, ఎందుకంటే ఈ మర్యాద వాళ్ల దగ్గర ముందే ఉంది.

ఉచ్చారణలో అన్నీ దిద్దబోకండి. మన దంత్య ‘థ’, ‘ద’ ఇంగ్లిష్ థింక్, దిస్‌లకి సరిపోతాయి. ఎవరికీ అర్థం కాకపోవడం ఉండదు. పళ్ల మధ్య నాలుక పెట్టించడానికి అరగంట ఖర్చు చేయడం దండగ. అర్థాన్ని దెబ్బతీసేవి నాలుగు.

మొదటిది చివరి అచ్చు. తెలుగు అజంత భాష కాబట్టి బస్సు, లైటు, ఫోను అంటాం. తెలుగులో అవి శుభ్రమైన మాటలు, వాటిని వెక్కిరించకూడదు. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ఆ చివరి ‘ఉ’ని తీసేయాలంటే, ఆ హల్లుని తర్వాతి మాటకి అప్పగించాలి: ‘బస్ ఇజ్ లేట్’ని ‘బసిజ్ లేట్’ అని కలిపి పలికించండి. ఆగిపోయే చోట ఉకారం తీయమంటే కష్టం, కలిపే చోట దానంతటదే పోతుంది. రెండోది మాట మొదట్లో దూరే ‘య’, ‘వ’. ఎవరు అనబోయి యెవరు, ఒకటి అనబోయి వొకటి అంటాం. అలాగే యెగ్, వోపెన్ వస్తాయి. మందూ అదే, ముందు మాటతో కలపడం: ‘ఎనెగ్’, ‘నాటోపెన్’.

మూడోది జెడ్. ప్రైస్, ప్రైజ్ రెండూ ఒకలాగే వస్తాయి. జడ, జున్ను, జోల అనే మాటల్లో మనకి దంత్య జకారం ఉంది, పాత పుస్తకాల్లో ‘ౙ’ అని రాసేవారు. కోస్తావాళ్ల నోట ఇది స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి, నాలుకని పంటి వెనక తాకకుండా వదిలేసి తుమ్మెదలా లాగమనండి. గొంతు మీద వేళ్లు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. ‘ఎస్’లో ఆ అదురు ఉండదు. 

నాలుగోది మాటలో ఊనిక. దీనికే అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాలి. మన మాటల్లో అక్షరాలన్నీ దాదాపు సమానంగా నడుస్తాయి. ఇంగ్లిష్‌లో ఒకటి ఎత్తి మిగతావి నలిపేస్తారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఈ అయిదూ చాలు మొదటి రోజుకి: ‘మేనేజర్’లో మొదటిది, ‘డెవలపర్’, ‘ఎక్స్‌పీరియన్స్’, ‘సర్టిఫికెట్’లలో రెండోది, ‘ఇంజినీర్’లో చివరిది. బల్ల మీద బలమైన చోట పిడికిలి, మిగతాచోట్ల వేలు. చేత్తో కొట్టకుండా నోటితో మాత్రమే చెప్పిస్తే రెండు నిమిషాల్లో మళ్లీ అన్నీ సమానమైపోతాయి.

ఇక అసలు లెక్క. క్లాసులో ఇరవైమంది, తొంభై నిమిషాలు. టీచరు అరవై నిమిషాలు మాట్లాడితే మిగిలిన ముప్పయ్యిలో ఒక్కొక్కరికి నిమిషంన్నర. జంటలుగా కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడిస్తే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఎంత బాగా చెప్పే టీచరైనా ఈ లెక్కని మార్చలేరు.

జంటలకి ‘ఏదైనా మాట్లాడుకోండి’ అంటే మాట్లాడరు. పని ఇవ్వాలి. ఈ విషయంలో ప్రపంచానికి దారి చూపిన ఊళ్లలో బెంగళూరు ఒకటని ఇక్కడ చెప్పేవాళ్లలోనే చాలామందికి తెలియదు. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు వంటి దక్షిణాది ఊళ్ల బడుల్లో గ్రామర్ సిలబస్ లేకుండా, మ్యాపులు, రైలు టైమ్‌టేబుళ్ల వంటి సమస్యలిచ్చి ఇంగ్లిష్ నేర్పారు. బెంగళూరు ప్రాజెక్టు అనే పేరుతోనే అది ప్రసిద్ధం. పద్ధతి ఇది: మొదట క్లాసంతా కలిసి టీచరుతో ఒక సమస్య విప్పుతారు, తర్వాత అలాంటిదే ఇంకొకటి పిల్లలు సొంతంగా చేస్తారు. కనీసం సగంమంది కనీసం సగం సరిగ్గా చేయగలిగితే ఆ పని క్లాసు స్థాయికి తగినట్టు. ఈ కొలత ఇప్పటికీ నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. పిల్లలు ఒకరి తప్పులు ఒకరు బలపరుచుకుంటారని ప్రభు గుంపు పనిని ఇష్టపడలేదు. నోరు తెరవడమే అవసరమైన పెద్దవాళ్ల క్లాసులో మాత్రం ఆ నష్టాన్ని భరించి జంటలే పెట్టాలని నా అభిప్రాయం.

ఒక పని పూర్తిగా. ‘మీరు కుందలహళ్లి దగ్గర పీజీలో ఉంటారు. ఎలక్ట్రానిక్ సిటీలో 10:30కి ఇంటర్వ్యూ. ఎన్నింటికి బయల్దేరాలి, ఎలా వెళ్లాలి?’ జంటలో ఒకరికిచ్చే మొదటి కాగితం మీద మెట్రో: పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా, అక్కడ మారి గ్రీన్ లైన్‌లో ఆర్.వి. రోడ్ దాకా, మళ్లీ మారి ఎల్లో లైన్. ఒక్కో ముక్కకి ఎన్ని నిమిషాలో, ఛార్జీ ఎంతో రాయండి. ఇంకొకరికిచ్చే రెండో కాగితం మీద బస్సు: అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా సిల్క్ బోర్డు, అక్కడ మారడం, ట్రాఫిక్‌లో అదనంగా పట్టే సమయం, ఇంటర్వ్యూ గేటు దగ్గర సెక్యూరిటీకి ముందే పదిహేను నిమిషాలు కావాలన్న సంగతి. అంకెలు మీరు ఊహించి రాసినా పర్లేదు, స్టేషన్ల పేర్లు మాత్రం నిజమైనవే ఉండాలి. వాళ్లు రోజూ పలికే పేర్లవి.

ముందు పది నిమిషాలు, కె.ఆర్. పురం నుంచి ఇందిరానగర్ వెళ్లే చిన్న సమస్యని అందరితో విప్పండి. అందులో పుట్టిన ప్రశ్నలు బోర్డు మీద ఉంచండి: ‘హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్?’, ‘వేర్ డు వి చేంజ్?’, ‘సారీ, హౌ మచ్?’, ‘లెట్ మి చెక్.’ తర్వాత పన్నెండు నిమిషాలు జంటలకి, అయిదు నిమిషాలు నిర్ణయాలు వినడానికి.

చెడిపోయే చోట్లు ముందే తెలుసుకోవాలి. కాగితాలు ఒకరికొకరు చూపించేసుకుంటారు, మాటల అవసరం తీరిపోతుంది. భుజం భుజం కలిపి ఎదురెదురు దిక్కులకి చూసేలా కూర్చోబెట్టండి. వీపు వీపు ఆనించి కూర్చుంటే పది జంటల గోలలో వినబడదు. తెలుగులోకి జారిపోతుంటే తిట్టకండి, ఏ వాక్యం లేక జారిపోయారో విని దాన్ని బోర్డు మీద చేర్చండి. జంటలో బాగా వచ్చినవాళ్లే అంతా చెప్పేస్తుంటే, తర్వాతిసారి వాళ్లకి సమాచారం తక్కువ ఉన్న కాగితం ఇవ్వండి. అడగక తప్పదు, అవతలివాళ్లు చెప్పక తప్పదు. బేసి సంఖ్య అయితే ఇద్దరికి ఒకే కాగితం. మొదటి రెండు మూడు వారాలు అమ్మాయిలని అమ్మాయిలతోనే జతచేయడం మంచిది. కొత్త మగవాళ్ల పక్కన కూర్చోబెడితే చాలామంది నోరు విప్పరు.

ఇంటర్వ్యూ పరిచయం బట్టీ పట్టినవాళ్లు ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి ఊపిరాడకుండా చెప్పి, మొదటి ఎదురు ప్రశ్నకే ఆగిపోతారు. వీళ్లకి నాలుగు, మూడు, రెండు నిమిషాల పద్ధతి ఉంది. ఒకే విషయం ముగ్గురు వేర్వేరు మనుషులకి, ప్రతిసారీ తగ్గే సమయంలో చెప్పాలి. మనవాళ్లకి నాలుగు నిమిషాలు ఎక్కువ. రెండు, ఒకటిన్నర, ఒకటి సరిపోతుంది. రెండు వరసలు ఎదురెదురుగా వేసి, గంట కొట్టగానే ఒక వరస ఒక కుర్చీ జరగాలి. వినేవాళ్లు మధ్యలో ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. ఈ నియమం లేకపోతే మళ్లీ బట్టీయే అవుతుంది.

‘అర్థమైందా?’ అని అడగడం మానేయండి. ‘అయింది సార్’ అనే జవాబు మర్యాద కోసం వచ్చేది. ‘హీ హ్యాజ్ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ చెప్పాక ‘ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాడా? ఎప్పుడొచ్చాడు?’ అని అడగండి. అడిగాక ఆగండి. అమెరికా సైన్సు క్లాసుల్లో పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించినదేమిటంటే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్లు మాట్లాడారు. తెలుగులోంచి తిప్పుకునేవాళ్లకి అయిదు సెకన్లు ఇవ్వండి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోకపోతే ఆగలేరు.

తప్పు దిద్దడంలో చాలామంది చేసేది సరైన వాక్యాన్ని మృదువుగా తిరిగి చెప్పడం. ‘ఐ గోడ్’ అంటే ‘ఓ, యు వెంట్’ అనడం. 1997లో పరిశోధకులు రాయ్ లిస్టర్, లైలా రాంటా కెనడాలో ఫ్రెంచి మాధ్యమం క్లాసుల్ని పరిశీలిస్తే, దిద్దుబాట్లలో సగానికి పైగా ఇలాంటివే ఉన్నాయి. పిల్లలు పట్టించుకోకుండా దాటిపోయినవీ ఎక్కువగా ఇవే. టీచరు తన మాటకి బదులిచ్చారనుకుంటారు తప్ప దిద్దారనుకోరు. వేళ్లతో చూపించడం మేలు: అయిదు మాటల వాక్యానికి అయిదు వేళ్లు, తప్పున్న వేలు పట్టుకుని ఆగండి. చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు. వాళ్లకి రూల్ తెలుసు కదా. జంటలు మాట్లాడుతున్నప్పుడు మాత్రం మధ్యలోకి వెళ్లొద్దు, నోట్‌బుక్‌లో రాసుకుంటూ తిరగండి.

కొత్త మాటలు క్లాసుకి ఎనిమిది, అవి కూడా విడి మాటలుగా కాకుండా పూర్తి వాక్యాలుగా. చీటీకి ఒకవైపు తెలుగులో సందర్భం, ‘పీజీలో నీళ్లు రావడం లేదు, ఓనరుకి చెప్పాలి’. రెండోవైపు ఇంగ్లిష్ వాక్యం. ఆ చీటీల్ని మర్నాడు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి తిరగేయాలి.

ఆఖరి పది నిమిషాలు నోట్‌బుక్‌కి. రాసుకున్న తప్పుల్లో ఆరు మాత్రం, పేర్లు లేకుండా బోర్డు మీద రాయండి, మధ్యలో రెండు సరైన వాక్యాలు కలపండి. అన్నీ తప్పులే అని తెలిస్తే చదవకుండానే దిద్దేస్తారు. జంటలు దిద్దాక ప్రతివాళ్లూ ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి, ప్రతి వారం అదే విషయం, ‘నా రోజు’. నాలుగో వారం మొదటి రికార్డింగు తీసి వినమనండి. అన్నీ వెతకమంటే నిరుత్సాహపడతారు. ఒక్కటే లెక్కపెట్టమనండి: ‘డైలీ’ తర్వాత ‘విల్’ ఎన్నిసార్లు వచ్చింది, అప్పుడెన్ని, ఇప్పుడెన్ని.